ఇళ్ల నడుమ రన్‌వే

శాన్ హోసేలోని రీడ్-హిల్‌వ్యూ విమానాశ్రయం భవిష్యత్తు 2031తో ముడిపడి ఉంది. ఆలోగా అక్కడి పైలట్లు ఇంధనం మార్చుకోవాలి, మబ్బునూ ఎండనూ లెక్కలోకి తీసుకుని ఎగరాలి, రన్‌వే చుట్టూ బతుకుతున్న కుటుంబాలకు జవాబు చెప్పాలి.

కాలిఫోర్నియాలోని శాన్ హోసే నగరం తూర్పు భాగంలో టల్లీ రోడ్డుకు ఒక పక్క ఈస్ట్‌రిడ్జ్ మాల్ ఉంటుంది, రెండో పక్క రీడ్-హిల్‌వ్యూ విమానాశ్రయం. టికెట్ కొనుక్కుని ఎక్కే విమానం ఇక్కడ ఒక్కటీ ఉండదు. ఇద్దరో నలుగురో పట్టే సెస్నాలు, పైపర్లు, సిర్రస్‌లే ఉంటాయి. శని, ఆదివారాల్లో పొద్దున మొదలైతే పొద్దుగూకేదాకా ఒకదాని వెనక ఒకటి లేస్తూ దిగుతూ ఉంటాయి. పక్కపక్కనే రెండు రన్‌వేలు. ఒక్కోటీ దాదాపు 3,100 అడుగులు, అంటే 945 మీటర్లు. శంషాబాద్‌లో ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లని గుర్తు చేసుకుంటే ఇదెంత చిన్న చోటో తెలుస్తుంది. చుట్టూ ఇళ్లు, బడులు. పడమరగా ఐదారు నాటికల్ మైళ్లలో నగరపు పెద్ద విమానాశ్రయం. తూర్పున కొండలు, వాటి మీద 4,200 అడుగుల ఎత్తున లిక్ అబ్జర్వేటరీ తెల్లటి గుమ్మటాలు.

ఎవర్‌గ్రీన్‌లో, మిల్‌పీటస్‌లో, ఫ్రీమాంట్‌లో ఉంటున్న మన తెలుగువాళ్లకు ఈ చోటు కొత్త కాదు. వారమంతా సాఫ్ట్‌వేర్ పనిలో ఉండి వారాంతంలో విమానం నడపడం నేర్చుకునేవాళ్లు మనలోనూ ఉన్నారు. ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు అమెరికా నిబంధనలు అడిగే కనీస సమయం 40 గంటలు. చాలామందికి అంతకన్నా ఎక్కువే పడుతుంది.

బాబ్, సెసిల్ రీడ్ అనే అన్నదమ్ములు 1939లో ఈ విమానాశ్రయాన్ని తెరిచారు. అప్పట్లో ఈ లోయ నిండా పళ్లతోటలే. కౌంటీ ప్రభుత్వం 1961లో దీన్ని కొన్నది, 1967లో కంట్రోల్ టవర్ వచ్చింది. రీడ్ కుటుంబంలోని అమీలియా రీడ్ ఇక్కడే ఏళ్ల తరబడి గాలిలో విన్యాసాలు నేర్పింది. తర్వాత ప్రపంచ ప్రసిద్ధుడైన ఎయిర్ షో పైలట్ షాన్ టక్కర్ ఎగరాలంటే ఉన్న భయం పోగొట్టుకోవడానికి చేరింది ఆమె దగ్గరే. శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీ విమానయాన విభాగం కూడా 2010 నుంచి ఇక్కడే నడుస్తోంది. తోటలు పోయి ఇళ్లు వచ్చాయి, రన్‌వేలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. ఈనాటి గొడవలన్నిటికీ మూలం అక్కడుంది.

ట్యాంకులో ఏముంది?

రోడ్డు మీద తిరిగే బళ్ల పెట్రోలులో సీసం కలపడం అమెరికాలో 1996తో పూర్తిగా ఆగిపోయింది, మన దేశంలో 2000లో ఆగింది. చిన్న విమానాల పెట్రోలులో మాత్రం ఇప్పటికీ ఉంది. 100ఎల్‌ఎల్ అనే ఆ ఇంధనంలో గ్యాలనుకు 2.12 గ్రాముల దాకా సీసం ఉండొచ్చు. సిలిండర్లో పెట్రోలు ఆవిరి వేళ కాని వేళ భళ్లున మండితే ఇంజిను నాశనమవుతుంది. అలా కాకుండా ఆపేది ఆ సీసమే. కాబట్టి పైలట్లు దాన్ని పట్టుకుని వేలాడటానికి కారణం మొండితనం కాదు, ఇంజిను మీద భయం.

కింద ఉన్నవాళ్ల భయం ఇంకోటి. రీడ్-హిల్‌వ్యూ చుట్టుపక్కల పిల్లల రక్తపరీక్షల వివరాలు, పదేళ్లవి, దాదాపు 17,000 నమూనాలు తీసుకుని కౌంటీ ఒక అధ్యయనం చేయించింది. 2021 ఆగస్టులో ఫలితం వచ్చింది. విమానాశ్రయానికి అర మైలు లోపు ఉన్న పిల్లల రక్తంలో సీసం, కొంత దూరంలో ఉన్న అలాంటి పిల్లలతో పోలిస్తే, డెసిలీటరుకు దాదాపు 0.2 మైక్రోగ్రాములు ఎక్కువ. గాలివాలున ఉన్న ఇళ్లలో ఆ తేడా 0.4. ఈ అంకెలు చిన్నవనీ, ప్రమాద హెచ్చరిక స్థాయి కన్నా తక్కువనీ పైలట్లు వాదించారు. ఆ వాదనలో అబద్ధం లేదు. కానీ పిల్లల విషయంలో సీసానికి సురక్షితమైన మోతాదంటూ లేదని వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. పక్కింటి బిడ్డ రక్తంలోకి మన సరదా వల్ల ఎంత సీసం చేరితే ఫరవాలేదని ఏ పైలట్టూ ఆ తల్లి ముందు నిలబడి చెప్పలేడు. నా మటుకు నేను కౌంటీ అడిగిన ప్రశ్న న్యాయమైనదే అంటాను.

ఆ ప్రశ్నకు కౌంటీ ఇచ్చుకున్న జవాబు మాత్రం తొందరపాటుది. 2022 జనవరి 1 నుంచి రీడ్-హిల్‌వ్యూలోనూ, తన చేతిలో ఉన్న శాన్ మార్టిన్ విమానాశ్రయంలోనూ సీసం ఇంధనం అమ్మకం ఆపేసింది. బదులుగా యూఎల్94 పెట్టింది. అందులో సీసం లేదు, ఆక్టేన్ కూడా తక్కువ. సుమారు మూడింట రెండు వంతుల విమానాలకు అది సరిపోతుంది. బొనాంజా, సిర్రస్ ఎస్ఆర్22 లాంటి హై కంప్రెషన్ ఇంజిన్లకు సరిపోదు. అవి ఇంకో ఊరికి ఎగిరి ట్యాంకు నింపుకోవాల్సి వచ్చింది. పొరపాటున తక్కువ ఆక్టేన్ ఇంధనం పోస్తే ఇంజిను గాలిలోనే దెబ్బతింటుందని విమానయాన సంఘాలు ఫిర్యాదు చేశాయి, కేంద్ర విమానయాన సంస్థ ఎఫ్ఏఏ విచారణ మొదలుపెట్టింది.

తర్వాతి కథ ఇంకా నడుస్తూనే ఉంది. ఓక్లహోమాకు చెందిన గామి సంస్థ తయారుచేసిన జీ100యూఎల్ అనే సీసం లేని 100 ఆక్టేన్ ఇంధనానికి 2022 సెప్టెంబరులో ఎఫ్ఏఏ ఆమోదం దొరికింది. 2024 చివర్లో దాని అమ్మకం మొదలైన చోటు ఈ రీడ్-హిల్‌వ్యూనే. రెక్కల మీద రంగు లేచిపోతోందని, ట్యాంకుల సీలెంట్ మెత్తబడుతోందని కొందరు యజమానులు చెప్పుకొచ్చారు. తమ విమానాల్లో దాన్ని వాడొద్దని సిర్రస్ కంపెనీ అప్పటికే, 2024 జూన్‌లోనే సూచించింది. స్విఫ్ట్ సంస్థ 100ఆర్ అనే తన సీసం లేని ఇంధనంతో పోటీకి వచ్చింది. అంతకుముందు 2023లో నార్త్ డకోటా యూనివర్సిటీ తన శిక్షణ విమానాలన్నిటికీ యూఎల్94 పోయించి, ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు అరిగిపోతుండటం చూసి కొద్ది నెలల్లోనే పాత ఇంధనానికి మళ్లింది. ఇవన్నీ చూసి ‘మార్పే వద్దు’ అనడం కుదరదు. 2031 జనవరి 1 నుంచి సీసం కలిపిన విమాన ఇంధనం అమ్మకూడదని కాలిఫోర్నియా 2024లో చట్టం చేసింది. మీ ఇంజినుకు ఏది సరిపోతుందో, దానికి కావలసిన అనుమతి పత్రం ఏదో ఇప్పుడే మీ మెకానిక్‌తో కూర్చుని తేల్చుకోండి. పత్రం చేతికొచ్చాకే పంపు దగ్గరికి వెళ్లండి.

మన దేశంలో పెట్రోలుతో నడిచే శిక్షణ విమానాలు తాగేదీ ఇదే 100ఎల్‌ఎల్. ఇండియన్ ఆయిల్ 2022 సెప్టెంబరులో స్వదేశీ రకాన్ని విడుదల చేసింది. బేగంపేటలాంటి చోట రన్‌వే చుట్టూ ఎన్ని ఇళ్లున్నాయో హైదరాబాదీలకు వేరే చెప్పక్కర్లేదు. శాన్ హోసే తల్లులు అడిగిన ప్రశ్న ఇక్కడా ఒకరోజు ఎవరో అడుగుతారు, అడగాలి కూడా.

రీడ్-హిల్‌వ్యూలో ఇంధనం మారడంతో రోజువారీ పని కూడా ఒకటి మారింది. ఎగిరే ముందు ప్రతి పైలట్టూ రెక్కల అడుగున, ఇంజిను కింద ఉన్న డ్రెయిన్ల నుంచి పారదర్శకమైన చిన్న కప్పులోకి కాస్త ఇంధనం పట్టి చూస్తాడు. దీన్ని సంప్ చేయడం అంటారు. నీళ్లుంటే కప్పు అడుగున గుండ్రంగా బుడగలా నిలుస్తాయి. చెత్త ఉంటే నలకలు తేలతాయి. 100ఎల్‌ఎల్‌కు లేత నీలం రంగు కలుపుతారు, కాబట్టి పైలట్ కళ్లు ఏళ్ల తరబడి ఆ నీలానికి అలవాటు పడ్డాయి. యూఎల్94కు రంగు లేదు. పొరపాటున ట్యాంకులో పడే ప్రమాదమున్న జెట్ ఇంధనం కూడా ఇంచుమించు రంగులేనిదే, మహా అయితే ఎండుగడ్డి ఛాయ. అంటే ఇకమీదట రంగు చూసి ఊరుకుంటే చాలదు. కప్పును వాసన చూడండి. జెట్ ఇంధనానికి కిరోసిన్ వాసన వస్తుంది. రెండు చుక్కలు తెల్లకాగితం మీద వేయండి. పెట్రోలు కాసేపటికి ఆవిరైపోతుంది, జెట్ ఇంధనం జిడ్డు మరక మిగులుస్తుంది. కప్పు మొత్తం నీళ్లే అయినా రంగులేని ఇంధనంలాగే కనబడుతుంది, అక్కడ కూడా ముక్కే కాపాడుతుంది. ఇంధనం పోసేటప్పుడు విమానం పక్కనే నిలబడి చూడటం మానొద్దు.

సముద్రం పంపే మబ్బు

వేసవి పొద్దున్నే బే ఏరియాలో ఆకాశం బూడిదరంగులో ఉంటుంది. పైలట్లు దీన్ని మెరైన్ లేయర్ అంటారు. పసిఫిక్ తీరాన నీళ్లు చల్లన. ఆ నీటి మీది గాలి చల్లబడి తేమతో బరువెక్కి, పైన ఉన్న వెచ్చటి గాలి కింద ఇరుక్కుంటుంది. లోపలి లోయలు వేడెక్కినకొద్దీ దాన్ని లోపలికి లాగుతాయి. శాన్ హోసేకి అది రెండు వైపుల నుంచి వస్తుంది. ఉత్తరాన గోల్డెన్ గేట్ సందులోంచి ఒకటి, దక్షిణాన మాంటరే బే వైపు నుంచి కొయోటీ లోయ మీదుగా ఇంకోటి. చాలా రోజుల్లో పది, పదకొండు గంటలకల్లా కరిగిపోతుంది. కొన్ని రోజులు కరగదు. ప్రాణం మీదికి తెచ్చేది ఆ రెండో రకం రోజే, ఎందుకంటే స్నేహితులు అప్పటికే వచ్చి విమానం పక్కన ఎదురుచూస్తుంటారు.

టవర్ ఉన్న విమానాశ్రయంలో కంటిచూపుతో ఎగరాలంటే మబ్బు అడుగు కనీసం 1,000 అడుగుల ఎత్తున ఉండాలి, మూడు మైళ్లు కనబడాలి. అంతకు తక్కువైతే టవర్‌ని అడిగి స్పెషల్ వీఎఫ్ఆర్ తీసుకోవచ్చు. ఒక మైలు చూపు ఉండి, మబ్బులో దూరకుండా ఉంటే చాలు. చట్టం ఒప్పుకుంటుంది, నేను ఒప్పుకోను. కొత్త పైలట్లకు అది వాడే అవసరం రాకూడదు. తూర్పున కొండలున్న చోట ఒక మైలు చూపు అంటే, నిమిషానికి మైలున్నర పోయే విమానంలో ముందున్నది నలభై సెకన్ల దారి.

1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం జరిగింది. పరికరాలు చూసి ఎగరడం రాని 20 మందిని మబ్బులో ఉన్నట్టు చేసి విమానం అప్పగించారు. ఇరవై మందీ అదుపు తప్పారు. ఒకరు 20 సెకన్లలో తప్పితే ఇంకొకరు 480 సెకన్లు నిలిచారు. సగటు 178 సెకన్లు. కళ్లకు క్షితిజం కనబడనప్పుడు చెవిలోపలి ద్రవం చెప్పేదంతా అబద్ధమే. విమానం గిరికీలు కొడుతుంటే నిటారుగా ఉన్నామనిపిస్తుంది.

పరికరాలతో ఎగరడం వచ్చినా పొగమంచు వదిలిపెట్టదు. 2010 ఫిబ్రవరి 17న పొరుగునే ఉన్న పాలో ఆల్టో విమానాశ్రయం నుంచి రెండు ఇంజిన్ల సెస్నా 310 దట్టమైన మంచులో లేచింది. రన్‌వే తనకు కనబడటం లేదని టవర్ పైలట్‌తో చెప్పింది. లేచిన కాసేపటికే అది హైటెన్షన్ తీగలను ఢీకొని ఇళ్ల మధ్య పడింది. విమానంలోని ముగ్గురూ చనిపోయారు. వెళ్లాల్సిన దారిలో వెళ్లకపోవడం, తీగలను దాటేంత ఎత్తు అందుకోకపోవడం కారణాలని దర్యాప్తులో తేలింది.

సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు గాలి ఉష్ణోగ్రతకూ డ్యూ పాయింటుకూ (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) మధ్య తేడా చూడండి. రెండు మూడు డిగ్రీలకు దిగిందంటే మబ్బు దారిలో ఉన్నట్టే. తీరంలోని హాఫ్ మూన్ బేకి భోజనానికి వెళ్లినవాళ్లు ఈ అంకెను గంటకోసారి చూసుకోవాలి. చలికాలంలో సెంట్రల్ వ్యాలీలో నేల నుంచే లేచే ట్యూలీ మంచు దీనికన్నా వేరు. అది రోజుల తరబడి కదలదు.

ఎండ పలచబరిచే గాలి

బే ఏరియా పైలట్లకు వేసవిలో ఎక్కువ మోజు టాహో సరస్సు. దాని దగ్గర ట్రకీ విమానాశ్రయం సముద్రమట్టానికి దాదాపు 5,900 అడుగుల ఎత్తున ఉంది. ఆ ఎత్తున ప్రామాణిక ఉష్ణోగ్రత మూడు డిగ్రీలు. మధ్యాహ్నం 30 డిగ్రీలుంటే తేడా 27. ఒక్కో డిగ్రీకి 120 అడుగుల చొప్పున కలిపితే, రెక్కలూ ఇంజినూ 9,100 అడుగుల ఎత్తున ఉన్నట్టే ప్రవర్తిస్తాయి. ఈ లెక్కలో వచ్చే ఎత్తునే డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు. టర్బో లేని ఇంజిను వెయ్యి అడుగులకు సుమారు మూడు శాతం బలం కోల్పోతుంది. అంటే నాలుగో వంతుకు పైగా బలం నేల మీదే పోయింది. రీడ్-హిల్‌వ్యూలో 130 అడుగుల ఎత్తున నలుగురితో హాయిగా లేచిన సెస్నా ట్రకీలో రన్‌వే చివరిదాకా పరుగెత్తి చెట్ల ఎత్తు దాటడానికి ఆపసోపాలు పడుతుంది.

బేగంపేటలో నేర్చుకుని వచ్చిన కుర్రాళ్లకు ఈ లెక్క తొందరగా ఎక్కుతుంది. అక్కడి ఎత్తు 1,742 అడుగులే అయినా మే నెలలో 42 డిగ్రీల ఎండలో డెన్సిటీ ఆల్టిట్యూడ్ 5,400 దాకా పోతుంది. చల్లటి తీరంలో నేర్చుకున్నవాళ్లకే ఈ అనుభవం కొత్త. ట్రకీ నుంచి పొద్దున్నే బయల్దేరండి. ఒక మనిషినో రెండు పెట్టెలనో తగ్గించండి. టేకాఫ్‌కు ముందే, మీ విమానం పుస్తకంలో ఉన్నట్టు, మిక్స్చర్ పలచన చేసుకోండి. రన్‌వే సగం దాటేసరికి లేవాల్సిన వేగంలో 70 శాతం రాకపోతే థ్రాటిల్ వెనక్కి లాగి ఆగిపోండి.

త్రీ వన్ లెఫ్ట్, త్రీ వన్ రైట్

ఎక్కువ రోజులు గాలి వాయవ్యం నుంచి వీస్తుంది. అందుకే 310 డిగ్రీల దిక్కుకు చూసే 31 లెఫ్ట్, 31 రైట్ ఎక్కువగా వాడుకలో ఉంటాయి. ఎడమ రన్‌వేకి ఎడమ చుట్టు, కుడి రన్‌వేకి కుడి చుట్టు. అంటే రెండు విమానాలు ఒకదాని వైపు ఒకటి తిరుగుతూ ఫైనల్‌కి, అంటే రన్‌వేకి నేరుగా దిగే చివరి దారికి వస్తాయి. మలుపు కాస్త ఆలస్యమైతే పక్క రన్‌వేకి దిగుతున్నవాడి దారిలోకి వెళ్లిపోతాం. అప్పుడు చాలామంది చేసే పని కాలితో రడ్డర్ తొక్కి ముక్కును లోపలికి లాగడం. నేలకు కొన్ని వందల అడుగుల్లో, తక్కువ వేగంలో ఆ పని చేస్తే విమానం స్టాల్ అయి, అంటే రెక్కలు మోసే శక్తి కోల్పోయి తిరగబడుతుంది, సరిచేసుకునే ఎత్తు ఉండదు. మలుపు తప్పితే రెక్కలు సమం చేసి, ‘గోయింగ్ అరౌండ్’ అని చెప్పి మళ్లీ చుట్టు తిరిగి రండి. అందుకు ఇక్కడ ఎవరూ ఎవరినీ చిన్నచూపు చూడరు.

కాలవెరాస్ జలాశయం మీద నుంచి టవర్‌ని పిలిచేలోపే ఏటిస్ (విమానాశ్రయపు రికార్డు సమాచారం) విని, ఏ రన్‌వే వస్తుందో ఊహించి ఉండాలి. టవర్ చెప్పిన రన్‌వేను అంకెతో, ‘లెఫ్ట్’, ‘రైట్’తో సహా తిరిగి చెప్పాలి. ‘రోజర్’ అని ఊరుకుంటే మీకు ఏది వినబడిందో టవర్‌కి తెలియదు. ఫైనల్ మీద కిటికీలోంచి కనబడే రన్‌వే మొదట్లో రాసిన అక్షరం చదివి పైకి అనండి.

అయినా పొరపాట్లు జరుగుతాయి. జరిగాక ఏం చేయాలన్నది ఈ వ్యాసంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. 1974 డిసెంబరు 1న వాషింగ్టన్ దగ్గర దిగబోతున్న టీడబ్ల్యూఏ 514 బోయింగ్ 727 వర్జీనియాలో ఒక కొండను ఢీకొని 92 మంది చనిపోయారు. దానికి ఆరు వారాల ముందు యునైటెడ్ విమానం ఒకటి అదే చోట, అదే అపార్థంతో ముందే కిందికి దిగి, వెంట్రుకవాసిలో బయటపడింది. ఆ సిబ్బంది సంగతిని దాచలేదు, తమ కంపెనీకి చెప్పారు. కంపెనీ తన పైలట్లను హెచ్చరించింది. మిగతా కంపెనీల పైలట్లకు ఆ మాట చేరే దారి మాత్రం అప్పటికి లేదు.

ఆ దారి వేయడానికి పుట్టిందే 1976లో నాసా మొదలుపెట్టిన ఏఎస్ఆర్ఎస్. పైలట్ గానీ, కంట్రోలర్ గానీ, మెకానిక్ గానీ తన పొరపాటును రాసి పంపితే, నాసా పేరు చెరిపేసి అందులోని పాఠాన్ని అందరికీ పంచుతుంది. ప్రమాదమో నేరమో కాకుండా, తెలియక జరిగిన ఉల్లంఘనైతే, పది రోజుల్లోపు పంపినవాళ్లకు మామూలుగా జరిమానా గానీ, లైసెన్సు సస్పెన్షన్ గానీ పడదు. ఈ పని నడుస్తున్నది ఎక్కడో కాదు, రీడ్-హిల్‌వ్యూ పొరుగున, మొఫెట్ ఫీల్డ్‌లోని నాసా ఏమ్స్ కేంద్రం ఆధ్వర్యంలో. మనవాళ్లలో ఒక అలవాటుంది. తప్పు జరిగితే పరువు పోతుందని పక్కవాడికి చెప్పరు. ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు ఆ బెరుకు ఇంకా ఎక్కువ. ఆ బెరుకు అర్థమవుతుంది గానీ, మీరు నిన్న 31 రైట్‌కి బదులు లెఫ్ట్‌కి వరస కట్టారంటే, రేపు ఇంకో విద్యార్థి అదే పని చేస్తాడు. ఇంటికెళ్లగానే రాయండి. తర్వాతి వారం క్లబ్బులో కుర్చీ లాక్కుని కూర్చుని నోటితో కూడా చెప్పండి.

ఇంజిను ఆగితే

ఇళ్ల మధ్య ఉన్న విమానాశ్రయంలో ఈ ప్రశ్నను టేకాఫ్‌కి ముందే, నేల మీదే తేల్చుకోవాలి. లేచిన వెంటనే ఇంజిను ఆగితే వెనక్కి తిరిగి రన్‌వే అందుకోవాలనిపిస్తుంది. తక్కువ ఎత్తులో అది దాదాపు అసాధ్యం, తిరగబడి పడేది చాలాసార్లు ఆ మలుపులోనే. ఎంత ఎత్తు దాటాక తిరగొచ్చో మీ బోధకుడితో కలిసి మూడు నాలుగు వేల అడుగుల ఎత్తున ప్రయత్నించి, వచ్చిన అంకెకు ఇంకాస్త కలుపుకుని గుర్తుంచుకోండి. ఆ ఎత్తు లోపల ముక్కు కిందికి దించి, ఎదురుగా కొద్దిగా అటూ ఇటూ ఉన్నంతలో ఖాళీ వెతుక్కోవడమే. రీడ్-హిల్‌వ్యూ చుట్టూ ఖాళీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కన్నింగ్‌హామ్ సరస్సు పార్కు ఒకటి, దాని పక్కనే ఏళ్ల క్రితం మూతపడిన గోల్ఫ్ మైదానం ఒకటి. ఆ మైదానంలోనూ కట్టడాలు వచ్చాయంటే ఇంకోటి తగ్గుతుంది. ఒకరోజు కారులో తిరిగి వాటిని నేల మీది నుంచి చూసి రండి. తీగలెక్కడున్నాయో, పిల్లలు ఏ గంటలకు ఆడుకుంటారో అప్పుడు తెలుస్తుంది.

చట్టం అడిగేవి తక్కువ. రెండేళ్లకోసారి బోధకుడితో ఒక గంట పాఠం, ఒక గంట ప్రయాణం. మనుషుల్ని ఎక్కించుకోవాలంటే గడచిన 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు. ఇంత పట్టణం మీద ఎగిరేవాళ్లకు ఇవి చాలవు. నెలకోసారైనా ఎగరలేనివాళ్లు ఏటా రెండుసార్లు బోధకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవాలని నేను కోరుకుంటాను.

2031 దాకా

కౌంటీ పర్యవేక్షకులు ఈ విమానాశ్రయాన్ని మూసే దారులు చూడమని 2020 నవంబరులో తీర్మానించారు. అంతకుముందే ఎఫ్ఏఏ నిధులు తీసుకోవడం ఆపేశారు. పాత నిధుల షరతుల ప్రకారం 2031 దాకా దీన్ని నడపక తప్పదు. రాష్ట్రంలో సీసం ఇంధనానికి చివరి గడువూ ఆ ఏడాదితోనే వస్తోంది. అక్కడ ఇళ్లు కట్టాలని అడిగేవాళ్ల కోరిక కూడా కొట్టిపారేయదగ్గది కాదు. శాన్ హోసేలో ఇంటి అద్దె ఎంతో అక్కడున్న ప్రతి తెలుగు కుటుంబానికీ తెలుసు.

అయినా మూసేయడం పొరపాటేనని నా నమ్మకం. 1989 అక్టోబరు 17న లోమా ప్రియేటా భూకంపం వచ్చి కొండ దారులు తెగిపోయినప్పుడు, కొండల అవతలి వాట్సన్‌విల్‌కు తిండీ మందులూ మోసినవి బే ఏరియాలోని ఇలాంటి చిన్న విమానాశ్రయాల నుంచి లేచిన సెస్నాలే. శాన్ హోసే ఉన్న లోయ కింద భూకంప పగుళ్లు ఇంకా ఉన్నాయి. కూలగొట్టిన రన్‌వేను భూకంపం వచ్చిన మర్నాడు ఎవరూ వేయలేరు. ఈ మాట కౌంటీకి చెప్పాల్సింది పైలట్లే. అంతకన్నా ముందు చెప్పాల్సింది ఓకాలా అవెన్యూలో, టల్లీ రోడ్డులో ఉండేవాళ్లకు. సీసం లేని ఇంధనం మీ విమానానికి సరిపోతే ఈ వారమే మార్చండి, మార్చామని వాళ్లకు చెప్పండి. రాత్రి పొద్దుపోయాక చుట్లు కొట్టడం తగ్గించండి. కౌంటీ విమానాశ్రయాల కమిషన్ సమావేశాలకు ఎవరైనా వెళ్లి మాట్లాడొచ్చు. అక్కడ ఇప్పటిదాకా పైలట్లు ఒక పక్క, ఇరుగుపొరుగు ఒక పక్క కూర్చుంటున్నారు. ఎవర్‌గ్రీన్‌లో ఇల్లూ రీడ్-హిల్‌వ్యూలో విమానమూ ఉన్న తెలుగువాళ్లు రెండు పక్కలా కూర్చోగలరు. తర్వాతి సమావేశానికి వెళ్లేటప్పుడు పక్కింటివాళ్లను కూడా కారెక్కించుకుని వెళ్లండి.